శేషాద్రి పూవు, వెలికొండ చెట్టు

తిరుమల కొండపై పూచిన పూవు స్వామిదే. ఆ క్షేత్రమున స్త్రీలు సైతము తలలో పూలు ముడువరు. పుష్పమండపమని పేరుగాంచిన ఆ దివ్యస్థలమున విరిసిన ప్రతి పుష్పమును శ్రీనివాసుని కైంకర్యమునకే చెందవలెనని పూర్వాచార్యులు ఏర్పరచిన మర్యాద నేటికిని చెల్లుచున్నది. అనంతాళ్వారులు గురువాజ్ఞను శిరసావహించి పూదోట పెంచిన కథయు, తోటకై చెరువు త్రవ్వుచుండగా బాలుని రూపమున తోడు వచ్చిన స్వామి గడ్డమునకు గునపము తగిలిన కథయు ఎరుగని వైష్ణవ గృహము లేదు. స్వామి చుబుకమునకు అలదు పచ్చకర్పూరము ఆ గాయమునకు గురుతని చెప్పుదురు.

పూవునకు ఇంతటి మర్యాద కలదు. మరి చెట్టునకో?

ఈ ప్రశ్న వింతగ తోచవచ్చును. కాని సంప్రదాయమును పట్టి చూచిన ఇది తప్పించుకొనరాని ప్రశ్న. ఆదిశేషుడే స్వామి విహారార్థము పర్వతాకృతి దాల్చెనని, ఆయన ఫణములు వేంకటాద్రి, నడుము అహోబిలము, వాలము శ్రీశైలమని పెద్దలు చెప్పుదురు. శేషుని మేనిపై పాదము మోపుటకు శంకించి భగవద్రామానుజులు మోకాళ్లతో కొండ నెక్కిరని ప్రతీతి. మెట్లదారిలోని మోకాళ్ల పర్వతము ఆ కథను నేటికిని స్మరింపజేయుచున్నది. పాదము మోపుటకే వెరచిన మహనీయుల అడుగుజాడలలో నడచువారు, ఆ మేనిపై మొలచిన వనమును నరికి, కాల్చి, చెత్తతో నింపి, పైకెక్కి పూలదండ సమర్పించిన చాలునని భావింపవచ్చునా?

శేషాచల పంక్తి తిరుమలతో ముగియదు. దానికి తూర్పున, నెల్లూరు కడప సీమల నడుమ సరిహద్దుగ నిలిచినవి వెలికొండలు. వెలి యనగా వెలుపల. నెల్లూరు జిల్లా పడమటి భాగమున ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములవారికి సూర్యుడు అస్తమించునది ఈ కొండల వెనుకనే. ఉదయగిరి యను పేరు గల ఊరు జిల్లాకు పడమటి కొసన ఉండుట చమత్కారమే. అయినను తూర్పు సముద్రముపై పొడుచు సూర్యుని తొలికిరణములు మైదానమున కంటె ముందుగా ఎత్తైన శిఖరమునే తాకును గదా. ఉదయగిరి దుర్గము 3,079 అడుగుల ఎత్తున నున్నది.

తిరుమల చుట్టునున్న వనమునకు నేడు శాసనరక్షణ కలదు. 1985 లో అభయారణ్యముగను, 1989 లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానముగను అది ప్రకటింపబడినది. దాని వైశాల్యము సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010 సెప్టెంబరు 20 న దానిని కలుపుకొని 4,755 చదరపు కిలోమీటర్ల ప్రదేశము శేషాచల బయోస్ఫియర్ రిజర్వుగ గుర్తింపు పొందినది. ఇట వెలికొండలలో, పెంచలకోన స్వామి పేరిట, శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యము 1990 దశకము చివర ఏర్పడినది. దాని వైశాల్యము 1,030 చదరపు కిలోమీటర్లకు పైన. అభయారణ్యమునకును జాతీయోద్యానమునకును భేదము కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి జాతీయోద్యానమున పశువులను మేపుటకు వీలులేదు. అభయారణ్యమున అధికారుల అనుమతికి లోబడి కొన్ని హక్కులు కొనసాగవచ్చును. అనగా తిరుమల వనము గర్భాలయము వంటిది, పెనుశిల వనము ముఖమండపము వంటిది. ముఖమండపమునకు జనుల రాకపోకలు ఉండును. కావున అచట శుచిని కాపాడుట మరింత కష్టము.

ఈ వనములలోని సంపదను భక్తులు పెక్కుమంది ఎరుగరు. కంచి వరదరాజస్వామి కోవెలలో బంగారు బల్లిని తాకివచ్చుట పుణ్యమని యాత్రికులు వరుసలో నిలిచి తాకుదురు. ప్రాణముతో నున్న బంగారు బల్లి తిరుమల అడవిలో నీటిచెలమల చెంత రాతి నెరియలలో కాపురముండునని వారిలో ఎందరికి తెలియును? సంతానకాలమున మగబల్లి మేను పసిడివన్నెతో మెరయును. 1870 లో బెడ్డోము అను ఆంగ్ల సైనికాధికారి దీనిని శాస్త్రలోకమునకు తెలిపెను. ఆయన పేరనే సైకస్ బెడ్డోమీ యను ఈతను పోలిన మొక్క యొకటి కలదు. అది ఈ కొండలలో తప్ప ప్రపంచమున మరెచ్చటను స్వతస్సిద్ధముగ పెరుగదు. దానిలో మగచెట్టు వేరు, ఆడుచెట్టు వేరు. మగచెట్టు కంకి బలవర్ధకమను నమ్మకముతో మూలికలవారు దానిని కోసి అమ్ముటచే ఆడుచెట్లు గింజకట్టక వంశమే సన్నగిల్లుచున్నది. దీని వ్యాపారమును అంతర్జాతీయ ఒడంబడిక అత్యంత కఠినముగ నిషేధించినది.

ఇంతవరకు వనము గొప్ప. దానితో ఉదయగిరి రైతునకు, ఆత్మకూరు గృహిణికి ఏమి పని? నీటి పని కలదు. శేషాచలపు ఉత్తరపు వాలున గుంజన యను ఏరు పుట్టుచున్నది. గుంజన జలపాతము జాతీయోద్యానములోనే ఉన్నది. ఆ యేరు కోడూరు సీమ మీదుగ పోయి చెయ్యేటిలో కలియును. చెయ్యేరు సౌమ్యనాథస్వామి వెలసిన నందలూరును ఒరసికొని సాగి, పెన్నలో చేరును. పెన్న వెలికొండలను చీల్చుకొని సోమశిల చెంత నెల్లూరు సీమలో అడుగిడును. అచట కట్టిన జలాశయమున 78 టి.యం.సి. ల నీరు నిలుచును. ఆత్మకూరు ప్రాంతపు పంటకాలువలలో పారునది ఆ నీరే. అనగా శేషాద్రి శిఖరములపై కురిసిన వానలో కొంతభాగము, దారిలో ఎన్ని మజిలీలు చేసినను, తుదకు ఆత్మకూరు వరిచేనికి చేరుచున్నది. తిరుమల తీర్థమును చిన్న సీసాలో పదిలముగ ఇంటికి తెచ్చుకొను భక్తుని పొలమునకు స్వామి పుష్కలముగ ఏటిని పంపుచున్నాడు!

ఏరు పంపుట యొక యెత్తు, ఆ యేరు మెల్లగ వచ్చుట మరియొక యెత్తు. అడవినేల మీద రాలిన ఆకులు, గడ్డి, వేళ్లు వాననీటిని పట్టి నిలిపి, భూమిలోనికి ఇంకించి, మాసముల తరబడి చెలమలుగ వదలును. చెట్టు పోయిన వాలున నీరు ఒక్కసారిగ దుమికి, మట్టిని కోసికొనిపోయి జలాశయపు అడుగున పోయును. 2021 నవంబరు 19 న చెయ్యేటి వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకొనిపోయినవి, పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ వరదకే సోమశిలలో శివాలయము దెబ్బతిన్నది. అట్టి కుంభవృష్టిని అడవి యొక్కటే ఆపగలదనుట అతిశయోక్తి. కాని ఏటేటా వచ్చు సాధారణపు వాన ఏమగునన్నది మాత్రము అడవిపైననే ఆధారపడి యున్నది.

ఉదయగిరి మెట్టసీమలో ఈ సంగతి మరింత తీవ్రము. పెన్ననీరు అంత యెత్తునకు ఎక్కదు. వెలికొండలలో పుట్టి సంగము చెంత పెన్నలో కలియు బొగ్గేరు వంటి వాగులు, వానకు నిండు చెరువులు, బావులు మాత్రమే దిక్కు. అవి ఎండినపుడు బోరులు లోతునకు దిగును. లోతురాళ్ల నడుమ చిరకాలము నిలిచిన నీటిలో ఫ్లోరైడు హెచ్చుగ నుండుటయు, ఆ నీరు త్రాగినవారి పండ్లు గారపట్టి, ఎముకలు బిగిసికొని వంగిపోవుటయు ఆ ప్రాంతమునకు పట్టిన పీడ. పైకొండల చెట్టు నరికిన గొడ్డలి దెబ్బ దిగువ ఊరివాని కీలులో తగులునని చెప్పిన, అది ఉత్ప్రేక్ష కాదు.

ఈ ఉదయగిరికి వైష్ణవచరిత్రలో గొప్ప స్థానము కలదు. గజపతుల చేతిలోనున్న ఈ దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు సుమారు ఒకటిన్నర సంవత్సరము ముట్టడించి 1514 లో సాధించెను. మనుష్యులు ఒకరి వెనుక ఒకరు మాత్రమే నడువదగిన ఇరుకుదారి తప్ప కొండకు వేరుదారి లేకుండుటచే, రాయలు బండలను పగులగొట్టించి వెడల్పు బాట వేయించెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజు వ్రాసియున్నాడు. విజయానంతరము రాయలు దుర్గముపైనున్న బాలకృష్ణమూర్తిని విజయనగరమునకు కొనిపోయి, ప్రత్యేకముగ ఆలయము కట్టించి 1515 లో ప్రతిష్ఠించెను. ఆ మూర్తి నేడు చెన్నపురి ప్రభుత్వ మ్యూజియములో నున్నది. ఉదయగిరి నుండి తిరిగివచ్చుచు రాయలు 1514 జూలై 6 న తిరుమల స్వామిని సేవించి, ముప్పదివేల బంగారు నాణెములతో కనకాభిషేకము చేసి, తాళ్లపాక గ్రామమును కైంకర్యమునకు సమర్పించెనని దేవస్థాన శాసనము తెల్పుచున్నది. తాళ్లపాకయు చెయ్యేటి సీమలోనిదే. ఉదయగిరి విజయమునకు కానుకగ స్వామికి ముట్టిన గ్రామము, ఉదయగిరి పొరుగుసీమకు నీరిచ్చు ఏటి చెంతనే ఉండుట కేవలము కాకతాళీయమే కావచ్చును, స్మరింపదగిన కాకతాళీయము.

అంతకంటె స్మరింపదగినది రాయల రాజనీతి. పూర్వులు దుర్గములను జలదుర్గము, గిరిదుర్గము, వనదుర్గము అని విభజించిరి. ఉదయగిరి గిరిదుర్గమే గాక వనదుర్గము కూడ. పదునెనిమిది మాసములు దానిచుట్టు విడిసి, ఆ అడవి విలువను చేదుగ ఎరిగిన ప్రభువు రాయలు. పిమ్మట రచించిన ఆముక్తమాల్యదలో, గోదాదేవి కల్యాణకథ నడుమ యామునాచార్యుల నోట రాజనీతి చెప్పించుచు, సరిహద్దుల అడవులను పెంపవలెనని, రాజ్యమధ్యమున దొంగలకు ఆటపట్టగు అడవులను తొలగింపవలెనని బోధించెను. అడవిని సాంతము పూజ్యమని ఆయన చెప్పలేదు. రాజునకు తగిన లెక్కయే చెప్పెను. కాని అదే ప్రకరణమున అడవిజాతుల గూర్చి చెప్పినది గమనింపదగినది. వారిని ఆగ్రహముతో అణచుట సాధ్యము కాదని, సత్యముతోను ఆదరముతోను వశపరచుకొన్న వారే రాజ్యమునకు అండయగుదురని ఆయన అభిప్రాయము. అయిదు వందల ఏండ్ల తరువాత వనసంరక్షణలో అందరును నేర్చుకొనుచున్న పాఠము ఇదియే. మధ్యకాలమున దానిని మరచుటచే చాల నష్టము జరిగినది.

1882 నాటి మద్రాసు అటవీ చట్టముతో ఈ కొండలు రిజర్వు అడవులైనవి. దానివలన చెట్లకు కొంత రక్షణ చేకూరినమాట నిజము. కాని అడవినే ఇల్లుగ, కొట్టుగ, వైద్యశాలగ చేసికొనియున్న యానాదులు ఒకనాడు నిద్రలేచి తమ ఇంటిలో తామే పరాయివారైరి. తేనె, దుంప, మూలిక ఏది ఎచ్చట ఏ ఋతువున దొరకునో వారికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. పందొమ్మిదవ శతాబ్దిన నెల్లూరులో వైద్యుడుగ నుండి పక్షిశాస్త్రమున పేరొందిన జెర్డను దొర సైతము పక్షుల పేర్లను, అలవాటులను యానాదుల నడిగియే తెలిసికొనెను. అటవీహక్కులను గుర్తించు చట్టము 2006 లో గాని రాలేదు.

పెంచలకోన స్థలపురాణము ఈ విషయమున ఎంతటి ఔదార్యము చూపినదో! హిరణ్యకశిపుని సంహరించిన స్వామి ఉగ్రమూర్తియై ఈ కొండలలో సంచరించుచుండగా, ఆ ఉగ్రమును చల్లార్చినది దేవతల స్తోత్రములు కాదు, అడవిబిడ్డ చెంచులక్ష్మి. ఆమెను పెండ్లాడి, ఆమెను పెనవేసికొని శిలారూపమున నిలిచెను గనుక పెనుశిల యని పేరు. ఆ సీమలో పెంచలయ్య, పెంచలమ్మ అను పేర్లు లేని ఊరు అరుదు. యానాది గుడిసెలోను రెడ్డివారి మేడలోను ఒకే పేరు వినవచ్చును. అహోబిలమున పారువేట ఉత్సవమునకు స్వామి పల్లకి నెక్కి ఊరూర తిరుగునపుడు చెంచులు తమ బావగారిని బాణముతో పలుకరింతురు. తిరుమలలోను కనుమనాడు స్వామి అడవిలోని పారువేట మండపమునకు వేంచేయును. అచట జరుగునది వేట యను లీలయే. ఏ మృగమునకును హాని లేదు. స్వామి సంవత్సరమున కొకతూరి అడవికి పోయి, ఏదియు చంపక, ఏదియు తేక తిరిగివచ్చుచున్నాడు.

మనుష్యులు మాత్రము అట్లు తిరిగివచ్చుట లేదు. రక్తచందనమనబడు ఎర్రచందనము ఈ దక్షిణపు తూర్పుకనుమలలో తప్ప సహజముగ పెరుగదు. తిరుపతి నుండి తెచ్చుకొని బొమ్మలకొలువులో నిలుపు కొయ్యబొమ్మల జంట ఆ చెట్టు చేవతో చెక్కినదే. రాతినేలలో మెల్లగ పెరుగు ఆ చెట్టునకు చేవ పట్టుటకు ఏండ్లు, పూర్ణముగ ముదురుటకు తరములు కావలెను. విదేశములలో వాద్యములకు, గృహోపకరణములకు దానికున్న గిరాకీచే దొంగనరకుడు ప్రబలినది. 1995 నుండి దాని విదేశీ వ్యాపారముపై అంతర్జాతీయ నియంత్రణ కలదు; 2021 లో దానిని మరల ప్రమాదస్థితిలోనున్న వృక్షముల పట్టికలో చేర్చిరి. గొడ్డలి పట్టువాడు కూలికై వచ్చిన పేద, లాభము పొందువాడు దూరమున నున్న ధనికుడు. 2015 ఏప్రిల్ 7 న శేషాచల అడవిలో పోలీసు కాల్పులకు తమిళదేశపు కూలీలు 20 మంది మరణించిరి. స్వామి పాదముల చెంత అంతటి రక్తము చిందుటకు మూలము ఒక కొయ్య వన్నె యని తలచినపుడు మనసు కలగును. కాపలా కావలెను, చట్టమును కావలెను. కాని కొండదిగువ ఊరివానికి నిలిచియున్న చెట్టువలన బ్రదుకు తెరువు లేనంతకాలము కాపలా ఎంతయైనను చాలదు.

అట్టి తెరువునకు ఉదాహరణము ఉదయగిరిలోనే కలదు. నర్ది, బిక్కి, దేవదారు వంటి అడవికొయ్యతో గరిటెలు, చెంచాలు, దువ్వెనలు చెక్కు పని అచట తరతరములుగ వచ్చుచున్నది. నేడు పనివారిలో అధికులు ముస్లిము స్త్రీలు. ఈ కొయ్యపనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. చెంచా చెక్కుటకు మాను కూల్చనక్కరలేదు, కొమ్మ చాలును. దుర్గముపై పొదలు నిలిచియున్నచో వారి పని నిలుచును. వనమును కోరుకొనుటకు వారికి స్వార్థమే చాలును, ఉపన్యాసము అక్కరలేదు.

పొదలనుటచే మరియొక సంగతి. వెలికొండ పాదములలో ఎత్తైన అడవికంటె ముండ్లపొదల చిట్టడవియే మెండు. పైనుండి వచ్చినవారు దానిని పనికిరాని బీడని తలతురు. జెర్డను 1848 ప్రాంతమున పెన్నాలోయలో కనుగొన్న కలివికోడి యను పక్షి అట్టి పొదలలోనే బ్రదుకును. 1900 తరువాత అది కనబడక పోవుటచే అంతరించెనని లోకము తీర్మానించినది. 1986 జనవరిలో, సోమశిలకు ఎగువన పెన్నాతీరమున, లంకమల అడవి చెంత రెడ్డిపల్లి దగ్గర స్థానికుల సాయముతోనే అది మరల కనబడినది! తరువాత దానికై లంకమలేశ్వర అభయారణ్యము ఏర్పడినది, తెలుగుగంగ కాలువ దారి సైతము మార్చిరి. ఎనుబది యారేండ్లు ఎవరికిని కనబడక, పనికిరాదన్న పొదలోనే అది దాగియున్నది.

ఇక యాత్రికుల సంగతి. జాతీయోద్యానములోని తీర్థములకు ముక్కోటి దినములలో వేలాది భక్తులు నడచిపోవుదురు. పుష్యపౌర్ణమికి రామకృష్ణతీర్థము, మాఘమున కుమారధార, ఫాల్గునమున తుంబురుతీర్థము. ఫాల్గునమునాటికి ఆకు రాలి, గడ్డి ఎండి, అడవి యంతయు ఒక నిప్పురవ్వకై కాచుకొనియుండును. 2014 మార్చిలో తిరుమల అడవి అంటుకొని, మంటలార్పుటకు వైమానికదళపు హెలికాప్టర్లు రావలసి వచ్చినది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేండ్ల బాలికను చిరుత పొట్టన బెట్టుకొన్నది. ఆ తల్లిదండ్రుల దుఃఖమునకు ఓదార్పు లేదు. పిమ్మట పిల్లలతో నడచు వేళలకు కట్టడి వచ్చినది, పలు చిరుతలను బోనులతో పట్టిరి. చిరుతను దూషించుటతో ఆ విషయము ముగియదు. దారిపొడవున పారవైచిన ఎంగిలికి పందులు, కుక్కలు, జింకలు చేరును. వానికై చిరుత చేరును. తిరుమలపై 2022 లో ప్లాస్టిక్కును నిషేధించుట మంచిపని. పెంచలకోన వంటి చిన్న క్షేత్రములలో అట్టి కట్టడికి తగిన సిబ్బంది ఉండరు. అచట కట్టడి భక్తుని చేతిసంచిలోనే ఉండవలెను.

పెంచలకోన బ్రహ్మోత్సవములు వైశాఖమున, నృసింహజయంతి నాటికి జరుగును. జనము అత్యధికముగ చేరునపుడే కోన అత్యంతము ఎండియుండును. చెట్లక్రింద పొయ్యి పెట్టి పొంగలి వండుట చాల కుటుంబములకు మ్రొక్కు. వండుట తప్పు కాదు. ఆకులను ఊడ్చి, వట్టినేలపై రాళ్లు పేర్చి పొయ్యి పెట్టి, లేచునపుడు నీరు పోసి, చేతితో తాకి చల్లబడెనని తెలిసికొని కదలిన చాలును. కొమ్మలను విరువక వంటచెరకును ఇంటినుండియే తెచ్చుకొను పాతకాలపు అలవాటు మంచిది. మేకలను వెంట తోలుకొనివచ్చి కోనలో వదలుట మాత్రము కూడదు. అగ్గి మిగిల్చిన లేతమొలకను మేక మిగుల్చదు.

కణ్వమహర్షి తపస్సు చేసెనని చెప్పు ఆ కోనలోని సెలయేరు, వైశాఖమున సన్నని దారమువలె రాళ్ల నడుమ జారుచుండును. కణ్వలేరే కండలేరైనదందురు. దిగువన ఆ పేరుగల జలాశయమునకు సోమశిల నుండియు నీరు వచ్చి చేరును. అచటినుండి కాలువ పూండి చెరువునకు పోవుచున్నది. చెన్నపురి నుండి మ్రొక్కు తీర్చుకొన వచ్చి కోనలో స్నానమాడు భక్తుని ఇంటికుళాయిలోనికి 1996 నుండి వచ్చు నీటిలో కొంత ఆ కాలువదే.